లెన్స్‌తో నిద్రపోతే కంటికే ముప్పు!

మెల్‌బోర్న్‌కు ఆగ్నేయంగా ఉన్న కేరమ్ డౌన్స్ అనగానే ఇక్కడి తెలుగువారికి ముందుగా గుర్తొచ్చేది శివ-విష్ణు ఆలయమే. గోదాములు, వర్క్‌షాపులు, కట్టుబడి పనులు కూడా ఇక్కడ ఎక్కువే. నిర్మాణ రంగంలో ఉన్న మాలాంటి వాళ్లం తెల్లారకముందే లేస్తాం. సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒళ్లు హూనం. కాంటాక్టు లెన్స్ తీయకుండానే 'ఒక్క రాత్రికి ఏమవుతుందిలే' అని పడుకునేవారు మాలో తక్కువేం కాదు.

అసలు ఏమవుతుంది? కంటి ముందు అద్దంలా ఉండే పొర కార్నియా. దానికి రక్తనాళాలు ఉండవు. మెలకువగా ఉన్నప్పుడు ఆక్సిజన్‌ను ఎక్కువగా గాలి నుంచే తీసుకుంటుంది. రెప్ప మూస్తే అది తగ్గుతుంది, లోపల లెన్స్ ఉంటే మరీ తగ్గుతుంది. కన్నీరు కడిగేసే పని కూడా మందగించి క్రిములు తిష్ట వేస్తాయి. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సోకితే ఒకటి రెండు రోజుల్లోనే పుండు ముదరవచ్చు. మచ్చ మిగిలితే చూపు తగ్గుతుంది. కొందరికి కార్నియా మార్పిడే గతి.

ఆస్ట్రేలియాలో 2003-04లో పరిశోధకులు దీనిపై లెక్క తీశారు. సాఫ్ట్ లెన్స్ పగలు మాత్రమే వాడేవారిలో ఏడాదికి 10 వేల మందిలో సుమారు ఇద్దరికి ఈ ఇన్‌ఫెక్షన్ వస్తే, రాత్రీ ఉంచుకునేవారిలో దాదాపు 20 మందికి వచ్చింది. గాలి బాగా ఆడుతుందనే సిలికాన్ హైడ్రోజెల్ రకంతో పడుకున్నవారిలో అది సుమారు 25. అంటే ఖరీదైన లెన్స్ అయినా భరోసా లేదన్నమాట!

సైటులో దుమ్ము, సిమెంటు సరేసరి. చేతులు సబ్బుతో కడిగి, బాగా తుడుచుకున్నాకే లెన్స్ ముట్టుకోవాలి. కుళాయి నీళ్లతో లెన్స్ కడగకూడదు, ఆ నీటిలో అకాంతమీబా అనే మొండి క్రిమి ఉండవచ్చు. లెన్స్ ఉంది కదా అని సేఫ్టీ గ్లాసెస్ మానకూడదు.

కన్ను ఎర్రబడినా, నొప్పి పెట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా వెంటనే లెన్స్ తీసేయండి. పారేయకుండా డబ్బాతో సహా వెంట తీసుకెళ్తే పరీక్షకు పనికొస్తుంది. ఊరి నుంచి తెచ్చుకున్న పాత చుక్కల మందు వేయొద్దు. అందులో స్టెరాయిడ్ ఉంటే ఇన్‌ఫెక్షన్ ముదిరే ప్రమాదం ఉంది. అదే రోజు ఆప్టోమెట్రిస్టుకు చూపించండి. ఈస్ట్ మెల్‌బోర్న్‌లోని రాయల్ విక్టోరియన్ ఐ అండ్ ఇయర్ ఆస్పత్రిలో 24 గంటల అత్యవసర విభాగం ఉంది. మీరు డ్రైవ్ చేయకుండా ఎవరినైనా తోడు తీసుకెళ్లండి.

ఒక కంటికి చూపు తగ్గినా దూరం అంచనా తప్పుతుంది. పరంజా ఎక్కేవాడికి అది ప్రాణాలతో చెలగాటమే. ఇంటికి డబ్బు పంపేది ఈ కష్టంతోనే కదా! బెల్టు, హెల్మెట్ గురించి ఉదయం మీటింగులో చెప్పుకున్నట్టే, ఈ మాటా చెప్పుకుందాం. బండిలో ఒక జత కళ్లజోడు, లెన్స్ డబ్బా, సొల్యూషన్ ఎప్పుడూ ఉంచుకుందాం.