పడవ మీద రాసిన అంకె

మెదక్ నుంచి ఏడుపాయలకు పోవాలంటే ఏం చేస్తాం? బస్సో ఆటోనో ఎక్కుతాం. మంజీర నది అక్కడ ఏడు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ బండరాళ్ల మధ్య వనదుర్గమ్మ గుడి ఉంది. శివరాత్రి జాతరకు మనలో పోని వాళ్లు ఎవరు?

వానాకాలంలో ఎగువన సింగూరు గేట్లు ఎత్తితే సంగతి వేరు. నీళ్లు గుడి ముందరికి వచ్చేస్తాయి. దారి మూసేస్తారు. మనం దూరం నుంచే దండం పెట్టుకొని ఇంటికి తిరిగొస్తాం. మన ఇల్లు ఇవతలి ఒడ్డున ఉంది. అందుకని మనకు పెద్ద బాధ లేదు.

ఇల్లు అవతలి ఒడ్డున ఉంటే? బడి, దవాఖాన, అంగడి అన్నీ ఇవతల ఉంటే?

అట్లాంటి ఊళ్లు ఉన్నాయి. మన మంజీర నీళ్లు పోయే దారిలోనే ఉన్నాయి. మంజీర నిజాంసాగర్ దాటి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి ఆంధ్రప్రదేశ్‌లోకి పోయి, ధవళేశ్వరం ఆనకట్ట దాటినాక తాను కూడా పాయలుగా చీలుతుంది. గౌతమి, వసిష్ఠ, వైనతేయ అని ఆ పాయల పేర్లు. అవి అక్కడి నుంచి సముద్రంలోకి పోతాయి. ఈ పాయల నడుమ ఒండ్రు మట్టితో తేలిన నేలను లంక అంటారు.

లంక అనగానే మా కేంద్రంలో ఒక అవ్వ, "రావణాసురుని లంకనా బిడ్డా?" అని అడిగింది. అందరూ నవ్వారు. కాదవ్వా! ఇక్కడ ఉండేది మనలాంటి వాళ్లే. కొబ్బరి, అరటి, కూరగాయలు పండిస్తారు. బర్రెలు మేపుకుంటారు. నేల మంచిది. కాని చుట్టూ నీళ్లు.

గోదావరిలోనే కాదు. కృష్ణా నది సముద్రంలో కలిసే చోట ఎదురుమొండి అనే దీవి ఉంది. అది నాగాయలంక మండలంలో ఉంది. తమిళనాడు సరిహద్దులో పులికాట్ సరస్సు నడుమ ఇరకం అనే దీవి ఉంది. ఇట్లాంటి ఊళ్లకు పడవే రోడ్డు. పెళ్లి బృందం పడవ ఎక్కాలి. పురిటి నొప్పులు వచ్చిన ఆడమనిషీ పడవే ఎక్కాలి. గాలివాన వచ్చిందంటే ఆ రోడ్డు లేనట్టే.

పడవల్లో రకాలున్నాయి. మనకు పుట్టి తెలుసు. చేపలు పట్టేవాళ్లు వాడే గుండ్రని బుట్ట లాంటిది. తెడ్డుతో నడిపేది నాటుపడవ. ఇంజను ఉన్న పెద్ద పడవ లాంచీ. కోనసీమలో పంటు అని ఇంకొకటి ఉంది. అది వెడల్పుగా బల్ల పరిచినట్టు ఉంటుంది. మనుషులే కాదు, మోటారు సైకిళ్లు, కార్లు కూడా దాని మీదికి ఎక్కుతాయి. నరసాపురం, సఖినేటిపల్లి నడుమ వసిష్ఠ గోదావరిని జనం పంటు మీదనే దాటుతూ వచ్చారు.

ఇదంతా చెప్తుంటే ఒక అక్క మధ్యలో ఆపింది. "బస్సుకు ఆర్టీసీ ఉన్నది. రైలుకు రైల్వే ఉన్నది. మరి గా పడవకు జిమ్మేదారు ఎవరు టీచరమ్మా?"

మంచి ప్రశ్న. ఆ రోజు నాకు సరిగ్గా జవాబు రాలేదు. తరువాత చదివి తెలుసుకున్నాను.

మన రాజ్యాంగంలో రోడ్లు, వంతెనలు, రేవులు రాష్ట్ర ప్రభుత్వం చూసే పనులు. రేవు అంటే పడవ ఎక్కే చోటు, దిగే చోటు. 1992లో రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు. పంచాయతీలకు అప్పగించదగిన 29 పనుల పట్టీ అందులో ఉంది. పట్టీలో 13వది చూడండి. రోడ్లు, కల్వర్టులు, వంతెనలు, రేవులు, నీటి దారులు అని ఉంటుంది. అంటే రేవు సంగతి గ్రామసభలో అడగదగిన సంగతే. బోరింగు గురించి అడిగినట్టే పడవ గురించీ అడగవచ్చు.

మరి పడవను ఎవరు నడుపుతారు? చాలా రేవులను వేలం వేస్తారు. ఎక్కువ పాడిన వాళ్లకు రేవు దక్కుతుంది. వాళ్లు కట్టిన పైసలు పంచాయతీకో మండల పరిషత్తుకో పోతాయి. పాటదారు ఆ పైసలను, పైన తన లాభాన్ని, ఎక్కే జనం దగ్గరే రాబట్టుకోవాలి. ఇక్కడే చిక్కు వస్తుంది. 20 మందిని ఎక్కించుకుంటే 20 మంది పైసలు. 40 మందిని ఎక్కించుకుంటే 40 మంది పైసలు. డీజిలు ఖర్చు మాత్రం పెద్దగా పెరగదు. పాటదారు చెడ్డవాడు కానక్కర లేదు. లెక్కే అతన్ని అటు తోస్తుంది. అందుకే పైన ఒక కన్ను ఉండాలి.

ఆ కన్ను కోసం చట్టం ఉంది. నది పడవల మీద ఇంగ్లీషు వాళ్ల కాలంలో, 1917లో ఒక చట్టం చేశారు. 2021లో పార్లమెంటు దాన్ని తీసేసి కొత్త చట్టం చేసింది. ఇంజను ఉన్న పడవను రిజిస్టరు చేయించాలి. గడువు ప్రకారం అధికారి వచ్చి పడవను పరీక్ష చేయాలి. అడుగు చెక్కో, రేకో గట్టిగా ఉందా? ఇంజను సరిగా ఉందా? నడిపే మనిషికి పత్రం ఉందా? ఇవన్నీ చూసి, ఎంతమందిని ఎక్కించవచ్చో తేల్చి రాస్తారు. ఇంజను లేని పడవల లెక్క కూడా ఊరి స్థాయి దాకా ఉండాలని కొత్త చట్టం చెబుతుంది.

ఆ అంకె ఎందుకంత ముఖ్యం? ఇంట్లో ఒక పని చేసి చూడండి. గంగాళంలో నీళ్లు పోసి, దాని మీద చిన్న గిన్నె వదలండి. తేలుతుంది. అందులో ఒక్కొక్క గులకరాయి వేస్తూ పోండి. గిన్నె కొంచెం కొంచెం దిగుతుంది. అంచు ఇంకా వేలెడు పైన ఉండగానే గంగాళాన్ని కాస్త కదపండి. నీళ్లు లోపలికి దూకుతాయి. గిన్నె మునుగుతుంది. పడవ కూడా ఇట్లనే. నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఎక్కువ మందిని మోసినట్టే కనబడుతుంది. ఒక్క అల వస్తే చాలు. ఇంగ్లండులో ప్లిమ్సాల్ అనే పార్లమెంటు సభ్యుడు ఓడ పక్కన ఒక గీత గీయాలని పోరాడాడు. సరుకు ఎక్కించినప్పుడు ఆ గీత నీళ్లలో మునగరాదు. 1876లో అక్కడ అది చట్టం అయింది. చదువు రాని కూలీ కూడా ఆ గీతను చూసి, బరువు ఎక్కువైందని చెప్పగలడు.

మన దగ్గర గీతా అంకె పట్టించుకోక పోయిన ప్రాణాలు చాలా ఉన్నాయి. 2007 జనవరిలో శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లలో, మంచాలకట్ట దగ్గర పడవ మునిగి 60 మంది దాకా చనిపోయారు. ఆ ప్రాజెక్టు నిండినాక ఇటు కొల్లాపూర్ వైపు ఊళ్లకూ అటు కర్నూలు వైపు ఊళ్లకూ నడుమ వెడల్పాటి నీళ్లు నిలిచాయి. చుట్టాల ఊరు కంటికి కనబడుతుంది. రోడ్డు మీద పోవాలంటే రోజంతా పట్టేంత దూరం. అందుకే జనం పడవ ఎక్కుతారు.

2018 మే నెలలో గోదావరిలో మంటూరు దగ్గర లాంచీ మునిగింది. అది విహారానికి పోయే లాంచీ కాదు. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి జనాన్ని, సరుకును తీసుకుపోయేది. గాలివాన వచ్చింది. తడుస్తామని తలుపులు, కిటికీలు మూసుకున్నారు. లాంచీ మునిగినప్పుడు చాలామంది బయటికి రాలేకపోయారు. అదే ఏడు జూలై 14న పశువుల్లంక దగ్గర నాటుపడవ బోల్తా పడింది. అందులో బడి పిల్లలు ఉన్నారు. బడి అయిపోయి ఇంటికి పోతున్నారు. అక్కడ వంతెన కడుతూ ఉన్నారు. ఇంకా పూర్తి కాలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండలు చూడబోయిన బోటు మునిగింది. గోదావరి వరద మీద ఉంది. 77 మంది ఎక్కితే 26 మందే బతికి బయటపడ్డారు. మన వరంగల్ దగ్గరి కడిపికొండ వాళ్లు కూడా అందులో ఉన్నారు. నీళ్లు మింగిన ఆ బోటును అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయారు. తరువాత 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోటు షికారు చేసే తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు పెట్టింది. మంచిదే. కాని నాకు ఒక మాట అనిపిస్తుంది. షికారుకు మనం జీవితంలో ఒకటి రెండుసార్లు పోతాం. లంక ఊరి పిల్ల రోజుకు రెండుసార్లు నది దాటుతుంది. కన్ను ముందు ఆ రేవు మీద పడాలి.

కేరళలో వేరే పద్ధతి ఉంది. అక్కడ బస్సులకు ఆర్టీసీ ఉన్నట్టు పడవలకు ప్రభుత్వ శాఖే ఉంది. 1968 నుంచి నడుస్తోంది. టైం ప్రకారం పడవ వస్తుంది, టికెట్టు ఇస్తారు. అట్లాగని అక్కడ ప్రమాదం జరగలేదా? జరిగింది. 2002లో కుమరకం దగ్గర ఆ శాఖ పడవే మునిగి 29 మంది చనిపోయారు. సర్కారు పడవైనా పరీక్ష తప్పదు.

ఛార్జీ సంగతి కూడా చెప్పాలి. బ్రిటన్ దేశంలో స్కాట్లాండు అనే ప్రాంతం ఉంది. దాని చుట్టూ చాలా దీవులు. అంతే దూరం రోడ్డు మీద పోతే ఎంత ఖర్చవుతుందో లెక్క చూసి, దాన్ని బట్టి ఓడ ఛార్జీ పెట్టే పద్ధతిని 2008లో అక్కడ మొదలుపెట్టారు. మిగతా ఖర్చు ప్రభుత్వానిది. మనకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు పైసలు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి అట్లాంటి పథకమే పెట్టారు. కాని లంక ఊరి అక్క ఆ బస్సు దాకా రావాలంటే ముందు పడవ ఎక్కాలి. పడవకు పైసలు కట్టాలి. ఈ మాట చెప్తే మా కేంద్రంలో ఒక వదిన, "అయితే ఆమెకు సగమే ఫ్రీ అన్నట్టు" అంది.

వంతెన కడితే అన్నీ తీరిపోతాయి కదా అని మీరు అనవచ్చు. కొన్నిచోట్ల తీరాయి. యానాం, ఎదుర్లంక నడుమ గౌతమి మీద వంతెన 2002లో వచ్చింది. ఎదుర్లంకలో పుట్టి లోక్‌సభ స్పీకరైన బాలయోగి పేరు దానికి పెట్టారు. మన వైపు సోమశిల దగ్గర కృష్ణ మీద వంతెనకు 2022లో కేంద్రం ఒప్పుకుంది. వంతెనకు ఏళ్లు పడుతుంది. అన్ని లంకలకూ రాదు. అప్పటిదాకా పడవను సరిగా ఉంచక తప్పదు.

పడవ ఎక్కే ముందు ఏం చూడాలో చెప్పి, నల్లబల్ల మీద ఒక పడవ బొమ్మ గీశాను. దాని మీద నంబరు రాశాను. ఎంతమంది ఎక్కవచ్చో అంకె రాశాను. అందరితో చదివించాను. ఒంటి మీదికి లైఫ్ జాకెట్టు వచ్చాక కూర్చోవాలి అన్నాను. ఊరికే వెనక వేలాడదీసిన జాకెట్టు ప్రాణం కాపాడదు. పిల్లలకు చిన్న జాకెట్టు అడగాలి. వాన పడినా లాంచీ తలుపులు బిడాయించుకొని కూర్చోవద్దు.

మొన్న సంఘం అక్కలు నాగార్జునసాగర్ చూడబోయారు. అక్కడ సాగర్ నడుమ నాగార్జునకొండ ఉంది. లాంచీ ఎక్కి పోవాలి. తిరిగొచ్చినాక ఒక అక్క నాతో ఇట్లా చెప్పింది.

"లాంచీ మీద అంకె చదివిన టీచరమ్మా. మంది ఎక్కుతుంటె ఒక్కొక్కలను లెక్కవెట్టిన. నడుమల మా మరదలు మాట్లాడిచ్చె, లెక్క తప్పె. మళ్ల మొదటి సంది లెక్కవెట్టిన. అంకెకు తక్కువనే ఉన్నరు. అప్పుడు కూసున్న."