యుద్ధచరిత్రయు, హరిత రసాయనమును: చదువదగిన కొన్ని పుస్తకములు

సోదరీమణులకు పుస్తకములను గూర్చి చెప్పవలసి వచ్చినప్పుడు మన పత్రికలు సాధారణముగా నవలలను, పాకశాస్త్రమును, శిశుపోషణమును పేర్కొని యూరకుండును. యుద్ధచరిత్ర పురుషుల యలమారలోనిదనియు, రసాయనశాస్త్రము పరీక్షలకు పోవు పిల్లలదనియు మనలో నొక యభిప్రాయము పాతుకొని యున్నది. కాని యీ యిరువది యేండ్లలో ఆంగ్లమున వెలువడిన యుద్ధచరిత్రలలో మంచివి కొన్ని స్త్రీలు వ్రాసినవే. హరిత రసాయనమను క్రొత్త శాస్త్రశాఖ యడుగు ప్రశ్నయో, ప్రతి గృహిణియు ప్రతిదినము వంటయింట నడుగునట్టిదే: మిగిలినదానిని ఎక్కడ పారవేయుదుము? హైదరాబాదునకు వాయవ్యమున బాచుపల్లి వంటి చోట, ఒకవైపు క్రొత్త మేడలు, ఒకవైపు మందుల కర్మాగారములు నున్న యూరిలో, కాపురముండు వారికి ఈ ప్రశ్న కాలక్షేపమునకు వేసుకొనునది కాదు. అందుచే ఈ రెండు విధముల పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చూపుచున్నాను.

మొదట జెనెట్ కోనంట్ అను అమెరికా రచయిత్రి 2020లో ప్రకటించిన ‘ది గ్రేట్ సీక్రెట్’ను చెప్పెదను. 1943 డిసెంబరు 2వ తేది రాత్రి ఇటలీ దేశపు బారీ రేవుపై జర్మను విమానములు బాంబులు కురిపించెను. పదునేడు ఓడలు మునిగెను. వానిలో జాన్ హార్వీ యను అమెరికా ఓడ యొకటి. దాని కడుపులో మస్టర్డ్ వాయువు నింపిన బాంబులు 2,000 వఱకు రహస్యముగా నుండెను. పేరునుబట్టి మన పోపుడబ్బాలోని ఆవాలకును దీనికిని ఏదో చుట్టరికమున్నదని తలపవలదు. అది చర్మమును బొబ్బలెక్కించి, కన్నులు మూసి, ఊపిరితిత్తులను కాల్చు విషము. ఓడ పగిలినంతట ఆ విషము నీటిమీద తేలుచున్న నూనెలో కలిసెను. సముద్రమునబడిన నావికులను దరిచేర్చి వైద్యశాలలకు కొనిపోయిరి. వారి దేహములనిండ నూనె. చలికిని భయమునకును వడకుచున్నారని తలచి, నర్సులు ఆ తడిబట్టలమీదనే దుప్పట్లు కప్పి వారిని వెచ్చగా నుంచిరి.

ఆ నర్సుల యందు లోపమేమియు లేదు. మన యింట తడిసి వడకుచు వచ్చిన బిడ్డకు మనమును అట్లే చేయుదుము. కాని ఓడలో నేమున్నదో వైద్యశాలకు ఒక్క మాటయైనను అందలేదు. వెంటనే బట్టలు విప్పించి, సబ్బునీళ్ళతో ఒడలు కడిగించియున్నచో ఎందఱో అంత బాధ లేకయే బయటపడియుందురు. తెల్లవారుసరికి కన్నులు తెఱువలేని వారితో గదులు నిండెను. అఱువందలకు పైగా సైనికులును, నావికులును ఆ విషమునకు గుఱియైరి. వారిలో 83 మంది మరణించిరి. ఊరిలోని ఇటలీ జనులెందఱు పోయిరో సరియైన లెక్కయే తీయలేదు. స్ట్యూవర్ట్ అలెగ్జాండర్ అను సైనిక వైద్యుడు కొలది దినములకు అచటికి వచ్చి, వైద్యశాలలో అడుగిడుచుండగనే వెల్లుల్లిని బోలిన వాసనను పసిగట్టి నిజమును గ్రహించెను. ఆయన నిర్ణయమును ఇంగ్లండు ప్రధానమంత్రి చర్చిల్ అంగీకరింపలేదు. బ్రిటిషు కాగితములలో ఆ వాయువు పేరు రాకుండ చేసిరి.

చిత్రమేమనగా, క్యాన్సరు చికిత్స కథ కొంత ఈ ఘోరములోనుండియే నడచినది. మస్టర్డ్ సోకినవారి రక్తములో తెల్లకణములు క్షీణించుటను అలెగ్జాండర్ గమనించి వ్రాసియుంచెను. అదే జాతి విషముతో ఒక క్యాన్సరు రోగికి అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున 1942లోనే రహస్యముగా చికిత్స జరిగియుండెను. ఈ రెండు జాడలును కలిసి యుద్ధానంతరము రసాయన చికిత్సకు బాట యేర్పడినది. గ్రంథకర్త్రి తాతగారైన జేమ్స్ కోనంట్ మొదటి ప్రపంచయుద్ధమున విషవాయువులు తయారుచేయు పనిలో నుండిన రసాయన శాస్త్రజ్ఞుడు. తాత యే విద్యతో యుద్ధమునకు తోడ్పడెనో, ఆ విద్య చేసిన చేటును మనుమరాలు వ్రాసినది. ఈ సంగతి తెలిసి చదివిన పుస్తకము మఱింత బరువుగా తోచును.

క్యాన్సరు మాట వచ్చినప్పుడు మన యెల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు రాక తప్పదు. ఆయన 1895లో భీమవరమున జన్మించి, మెట్రిక్యులేషను రెండుమాఱులు తప్పి మూడవమాఱు గట్టెక్కి, తుదకు అమెరికా చేరి, 1940 నుండి లెడర్లీ పరిశోధనాలయమున పనిచేసిరి. ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును, దానికి విరోధులైన పదార్థములను తయారుచేసినది. అట్టి విరోధి యైన అమినోప్టెరిన్‌ను సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తక్యాన్సరు సోకిన పిల్లలకిచ్చి, పదునాఱుగురిలో పదుగురికి కొంతకాలము ఉపశమనము కలిగినట్లు 1948లో ప్రకటించెను. ఆ యేడే ఆగస్టులో సుబ్బారావుగారు గతించిరి. కీళ్లవాతమునకు నేడు వైద్యులు వ్రాయు మెథోట్రెక్సేటు ఆ కుటుంబములోనిదే. పసిఫిక్ దీవులలో సైనికులకు బోదకాలు వ్యాధి పట్టుకొనుటచే యుద్ధకాలమున ఆరంభమైన వెదుకులాటలో నుండియే, మన పల్లెలలో ప్రభుత్వము పంచిన డి.ఇ.సి. మాత్రయు పుట్టినది. ఎస్.పి.కె. గుప్తగారు 1987లో ప్రకటించిన ‘ఇన్ క్వెస్ట్ ఆఫ్ పనసియా’ యను జీవితచరిత్ర క్రొత్తది కాకున్నను, ఈ వరుసలో చేర్పదగినది. సుబ్బారావుగారి భార్య శేషగిరిగారు స్వదేశముననే యుండిపోయిరి; ఆయన మరల తిరిగి రాలేదు. శాస్త్రజ్ఞుని కీర్తికి ఇంటిలో ఎవరు వెల చెల్లించిరో విచారించు అలవాటు మన జీవితచరిత్రకారులకు తక్కువ.

ఆ వెల సంగతి థామస్ హేగర్ 2008లో వ్రాసిన ‘ది ఆల్కెమీ ఆఫ్ ఎయిర్’ చదువునప్పుడు మఱల మనసుకు వచ్చును. గాలిలోని నత్రజనిని అమోనియాగా మార్చి పైరులకు ఎరువు నిచ్చిన ఫ్రిట్జ్ హేబరే, 1915 ఏప్రిలు 22న బెల్జియములోని ఈప్రె వద్ద శత్రుసైన్యముపైకి క్లోరిన్ వాయువును వదలించెను. ఆయన భార్య క్లారా ఇమ్మర్వార్ కూడ రసాయన శాస్త్రమున డాక్టరు పట్టమునందిన విదుషి. పది దినములకే ఆమె భర్త తుపాకితో ప్రాణము తీసికొనెను. ఆమె మనసున నేమున్నదో చరిత్రకారులు ఏకాభిప్రాయమునకు రాలేదు. ఉత్తరములు నిలువలేదు కనుక మనమును ఊహలల్లరాదు.

మొదటి యుద్ధమున వాడిన వాయువులలో ఫాస్జీన్ ఒకటి. యుద్ధము ముగిసినను ఫాస్జీన్ ముగియలేదు. రంగులు, పురుగుమందులు చేయుటకు కర్మాగారములలో చేరినది. భోపాలులో మిథైల్ ఐసోసయనేట్ అను ద్రవమును తయారుచేసినది దానితోనే. ఆ ద్రవము తొట్టినుండి వాయువై వెలువడినది 1984 డిసెంబరు 2వ తేది రాత్రి. బారీ రాత్రికి సరిగా నలువదియొక్క యేండ్లు. అచట యుద్ధము, ఇచట శాంతికాలము. కాని వైద్యశాలలలో జరిగినది ఒక్కటే. వచ్చిన వాయువేదో, దానికి విరుగుడేదో భోపాలు వైద్యులకు చెప్పువారు లేకపోయిరి. తడిగుడ్డ ముఖముపై కప్పుకొని, పరుగెత్తక పడియుండిన ప్రాణము దక్కవచ్చునని ప్రక్క బస్తీల తల్లులకు ముందుగా నెవరును చెప్పియుండలేదు. ఆ పురుగుమందునే ఆ ద్రవము లేకుండ చేయు మార్గము మఱియొకటి అప్పటికే కలదు. దానిలోను ఫాస్జీన్ కావలసినదే గాని, మిథైల్ ఐసోసయనేటును పెద్ద తొట్లలో నిలువచేయు నవసరము లేదు.

ఇక రెండవ విధపు పుస్తకములు. పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ అను ఇరువురు 1998లో ప్రకటించిన ‘గ్రీన్ కెమిస్ట్రీ: థియరీ అండ్ ప్రాక్టీస్’ వానికి మూలము. చిన్న పుస్తకమే. అందు పండ్రెండు సూత్రములు కలవు. చెత్త పుట్టిన పిదప శుద్ధిచేయుటకంటె పుట్టకుండ చేయుట మేలనునది మొదటిది. ప్రమాదము జరిగినను చేటు తక్కువగునట్టి పదార్థములనే యెన్నుకొమ్మనునది కడపటిది. భోపాలు తరువాత దీనిని వివరింపబనిలేదు. హరితమనగా చెట్లనుండి తీసినదని కొందఱనుకొందురు. అది పొరపాటు. గన్నేరు చెట్టునుండి తీసినది కూడ విషమే.

వంటయింటి భాషలో చెప్పెదను. ఒక మానెడు పప్పు వండుటకు ముప్పది మానికల చెత్త వెలువడుచుండినచో ఆ వంట నెవరును ఒప్పుకొనరు. మందుల తయారీలో నట్లే జరుగుచున్నదని రోజర్ షెల్డన్ అను శాస్త్రజ్ఞుడు 1992లో లెక్కకట్టి చూపెను: ఒక కిలో మందునకు 25 మొదలు 100 కిలోల వఱకు, ఒక్కొక్కచో నంతకు మించియు, వ్యర్థము. ఇంత యెందులకనగా, మందు ఒక్క పట్టున తయారుకాదు. అయిదాఱు మెట్లు ఎక్కవలెను. ప్రతి మెట్టునను పదార్థములను కరగించుటకు, కడుగుటకు టొలువీను, మిథిలీన్ క్లోరైడు మొదలగు ద్రావకములు కావలెను. మనము పాకము పట్టునప్పుడు చక్కెరను కరగించిన నీరు ఆవిరియై పోయిన నష్టము లేదు. ఈ ద్రావకములు ఆవిరియై పోయిన ఊరి గాలిలోనికే పోవును. వ్యర్థములో అధికభాగము ఇవియే.

మన యింట నొప్పులకు వాడు ఐబుప్రొఫెన్ దీనికి మంచి నిదర్శనము. పాత పద్ధతిలో ఆఱు మెట్లు. లోనికి పోసిన పదార్థముల బరువులో నూటికి 40 వంతులు మాత్రమే మందుగా మాఱెడిది, తక్కినది చెత్త. 1992లో అమెరికాలోని టెక్సాసులో ఆరంభమైన క్రొత్త పద్ధతిలో మూడే మెట్లు, నూటికి 77 వంతులు మందు. మాత్ర మాఱలేదు, గుణము మాఱలేదు. చేయు విధము మాఱినది. మధుమేహమునకు వాడు సిటాగ్లిప్టిన్ కథయు నిట్టిదే. అధిక పీడనముతో, రోడియమను ఖరీదైన లోహముతో చేయు మెట్టునకు బదులు, పాలకు తోడు వేసినట్లు ఒక ఎంజైమును ప్రవేశపెట్టిరి. వ్యర్థము నూటికి 19 వంతులు తగ్గినది. ఈ పనికి 2010లో అమెరికా ప్రభుత్వపు హరిత రసాయన బహుమానము లభించినది.

ఇదంతయు ఎచటనో అమెరికా కథ యని పుస్తకము మూయరాదు. హైదరాబాదులో ఈ శాస్త్రమునకు పునాది పడినదియు యుద్ధకాలముననే. 1944లో నిజాము ప్రభుత్వము స్థాపించిన కేంద్ర పరిశోధనాలయమే నేడు తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ. 1961లో ఐ.డి.పి.ఎల్. యేర్పడి, బాలానగరు దగ్గఱ మందుల కర్మాగారమును నెలకొల్పెను. అందు పనిచేసిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. ఆయన స్వీయచరిత్ర ‘యాన్ అన్‌ఫినిష్డ్ అజెండా’ 2015లో, ఆయన గతించిన పిదప వెలువడినది. ఆ సంస్థ పరిశోధనా ప్రాంగణమును, కర్మాగారములును బాచుపల్లిలో గలవు. చుట్టుప్రక్కల బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము, పటాన్‌చెరు ప్రాంతములలో ఇతరుల మందుల కర్మాగారములు పెక్కు వెలసినవి. లోకమునకు చౌకగా మందులందించిన కీర్తి ఈ ప్రాంతమునకు దక్కినది, అది తక్కువ కీర్తి కాదు.

మిగిలినది ఎక్కడికి పోయెను? 2007లో స్వీడను దేశపు యోకిమ్ లార్సన్ మొదలగువారు పటాన్‌చెరు వద్ద సుమారు 90 మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షించిరి. సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు కనబడెను. మందు మ్రింగిన రోగి రక్తములోనైన నంత యుండదు. చెరువులలోను, పల్లెల బావులలోను గూడ మందులు కనబడెనని 2009లో మఱియొక పరిశీలన వెలువడినది. మందు నీటిలో చేరుటవలన కలుగు నష్టమేమనగా, సూక్ష్మజీవులు దానికి అలవాటుపడును. తరువాత బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చును. ఇక రాత్రివేళల ఘాటైన వాసనలను గూర్చి బాచుపల్లి, ప్రగతినగరము పరిసరములవారు మొఱపెట్టుకొనిన వార్తలు దినపత్రికలలో పలుమాఱు వచ్చినవి. కిటికీలు మూసికొని పండుకొనుట వారికి తెలిసిన ఉపాయము. ఏ ద్రావకము, ఏ మెట్టున, ఎంత వాడుచున్నారని అడుగుటకు వలసిన మాటలు మాత్రము వారిచేత లేవు. ఆ మాటలు ఈ పుస్తకములలో నున్నవి.

యుద్ధమును గూర్చియే చదువదలచిన వారికి మఱి రెండు. యాస్మిన్ ఖాన్ 2015లో వ్రాసిన ‘ది రాజ్ ఎట్ వార్’ రెండవ యుద్ధమున మన దేశపు సామాన్య జనుల కథ. 1942 ఏప్రిలు 6న విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపాను బాంబులు పడిన సంగతిని పెద్దలవలన విన్న యిండ్లవారు దానిని తప్పక చదువవలెను. మధుశ్రీ ముఖర్జీ 2010లో ప్రకటించిన ‘చర్చిల్స్ సీక్రెట్ వార్’ 1943 నాటి వంగదేశపు కఱవును గూర్చినది. ఆమె భౌతికశాస్త్రము చదివి చరిత్రకు వచ్చిన విదుషి. గుండె చిక్కబట్టుకొని చదువవలసిన పుస్తకము. రాత్రి పడకముందు చదువవలదు.

నేను చెప్పినవన్నియు ఆంగ్లమున వ్రాసినవే. కోనంట్ పుస్తకము కథవలె సాగును, ఇంటరు చదువు బాలికయు అందుకొనగలదు. అనస్టాస్, వార్నర్‌ల పుస్తకము అట్లు కాదు, రసాయనము కొంత తెలిసినవారు ప్రక్కన కూర్చుండి చెప్పవలెను. బాచుపల్లి పరిశోధనాలయములలోను, తార్నాకలోను పనిచేయు తెలుగు యువతులలో నొకరు ఆ పండ్రెండు సూత్రములను మన మందుల మాత్రలతోనే, మన చెరువుల పేర్లతోనే, తెలుగున నూఱు పుటలలో వ్రాసినచో ఈ పత్రిక చదువు ఇండ్లన్నిట దానికి చోటుండును.