పవర్ బ్యాంకు కొంటున్నారా? అంకె కాదు.. అసలు లెక్క చూడండి!

* ఫోనుకు సరిపోయింది ల్యాప్‌టాప్‌కు చాలదు
* గల్ఫ్ ప్రయాణికులకు పరిమితి తప్పనిసరి
* ధ్రువీకరణ సంఖ్య లేకుంటే ప్రమాదమే

సిద్దిపేట: రాజధానికి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సిద్దిపేట నుంచి చదువు, ఉద్యోగం, వ్యాపారాల నిమిత్తం నిత్యం ఎందరో రాకపోకలు సాగిస్తుంటారు. 2023 అక్టోబరులో సికింద్రాబాదుకు రైలు సౌకర్యమూ అందుబాటులోకి వచ్చింది. టికెట్టు, చెల్లింపులు, పాఠాలు అన్నీ ఫోనులోనే కావడంతో దారిలో అది ఆగిపోతే పనులన్నీ నిలిచిపోయినట్లే. అందుకే పవర్ బ్యాంకు నేడు నిత్యావసర వస్తువైంది. అయితే డబ్బాపై ఉన్న పెద్ద అంకెను చూసి కొన్నవారు, తీరా అవసరానికి అది అక్కరకు రాక ఇబ్బంది పడుతున్నారు. కొనేముందు కొన్ని విషయాలు తెలుసుకుంటే డబ్బు, ప్రాణం రెండూ భద్రం.

పదివేలంటే పదివేలు కాదు

పవర్ బ్యాంకు సామర్థ్యాన్ని మిల్లీ ఆంపియర్ అవర్లలో చెబుతారు. దీన్నే ఎంఏహెచ్ అంటారు. పదివేల ఎంఏహెచ్ పరికరంతో అయిదువేల ఎంఏహెచ్ ఫోను రెండుసార్లు నిండుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం వేరు. డబ్బాపై ముద్రించే అంకె లోపలి లిథియం సెల్లుకు సంబంధించినది. సెల్లు 3.7 వోల్టుల వద్ద పనిచేస్తుంది. బయటకు ఇచ్చేటప్పుడు 5 వోల్టులు లేదా అంతకన్నా ఎక్కువకు మార్చాలి. ఈ మార్పిడిలో, తీగలో, ఫోనులో వేడి రూపంలో కొంత శక్తి వృథా అవుతుంది.

అసలు కొలత వాట్ అవర్. ఎంఏహెచ్‌ను 3.7తో హెచ్చించి వెయ్యితో భాగిస్తే ఇది వస్తుంది. పదివేల ఎంఏహెచ్ అంటే 37 వాట్ అవర్లు. వృథా పోగా మిగిలేది సుమారు 28. అయిదువేల ఎంఏహెచ్ ఫోనుకు దాదాపు 19 వాట్ అవర్లు కావాలి. అంటే ఒకటిన్నర సార్లు మాత్రమే నిండుతుంది. ‘రేటెడ్ కెపాసిటీ’ అని చిన్న అక్షరాల్లో ముద్రించే అంకె ఈ వాస్తవానికి దగ్గరగా ఉంటుంది.

ల్యాప్‌టాప్‌కైతే వాట్లు ముఖ్యం

ల్యాప్‌టాప్ విషయంలో నిల్వతో పాటు వేగమూ చూడాలి. సాధారణ పవర్ బ్యాంకులు 10 నుంచి 22.5 వాట్ల వరకే ఇస్తాయి. ఇవి ఫోనుకు చాలు. చాలా ల్యాప్‌టాప్‌లకు 45 నుంచి 65 వాట్లు కావాలి. ఇందుకు ‘యూఎస్‌బీ పవర్ డెలివరీ’ సౌకర్యం, 20 వోల్టుల అవుట్‌పుట్ ఉన్న పరికరాన్నే ఎంచుకోవాలి. ల్యాప్‌టాప్‌కు టైప్-సి ద్వారా ఛార్జింగ్ అయ్యే వీలుందా అన్నది ముందుగా సరిచూసుకోవాలి. గుండ్రటి పిన్ను మాత్రమే ఉన్న పాత వాటికి ఇవి నేరుగా పనిచేయవు. అరవై వాట్లకు మించితే అందుకు తగిన తీగ కూడా ఉండాలి.

ఇరవైవేల ఎంఏహెచ్ పరికరంలో 74 వాట్ అవర్లు ఉంటాయి. దీంతో ఓ మోస్తరు ల్యాప్‌టాప్‌ను దాదాపు ఒకసారి నింపుకోవచ్చు. దీన్ని తిరిగి నింపడానికి 10 వాట్ల పాత ఛార్జరుతో ఎనిమిది గంటలకు పైగా, 30 వాట్ల ఛార్జరుతో సుమారు మూడు గంటలు పడుతుంది. కేవలం ఫోను వాడేవారు ఇంత బరువు మోయాల్సిన పనిలేదు. వారికి పదివేలది చాలు.

విమానం ఎక్కేవారూ.. జాగ్రత్త

జిల్లా నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ఈ నిబంధనలు తెలుసుకోవాలి. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచుకోవాలి. సరకుల విభాగంలోకి పంపే పెట్టెలో పెట్టకూడదు. వంద వాట్ అవర్ల వరకు అనుమతి ఉంటుంది. వంద నుంచి నూటఅరవై వరకు విమాన సంస్థ ముందస్తు అనుమతి అవసరం. ముప్పైవేల ఎంఏహెచ్ పరికరం 111 వాట్ అవర్లతో పరిమితి దాటుతుంది. కాబట్టి అధిక ధర పెట్టి కొన్నది విమానాశ్రయంలోనే వదిలి వెళ్లాల్సి రావచ్చు. ఎమిరేట్స్ సంస్థ 2025 అక్టోబరు 1 నుంచి ప్రయాణికుడికి ఒక్క పరికరాన్నే అనుమతిస్తూ, విమానంలో దాని వాడకాన్ని నిషేధించింది.

ఈ కట్టుబాట్లకు కారణం లేకపోలేదు. దక్షిణ కొరియాలోని గిమ్‌హే విమానాశ్రయంలో 2025 జనవరి 28న ఎయిర్ బుసాన్ విమానం బయలుదేరక ముందే అగ్నికి ఆహుతైంది. పవర్ బ్యాంకు నుంచి మంటలు పుట్టి ఉండవచ్చని దర్యాప్తులో తేలింది. ప్రయాణికులందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

ఇవి పాటిస్తే మేలు

* భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నవే కొనాలి. ఆ సంఖ్యను ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూసుకోవచ్చు.
* బిల్లు, వారంటీ పత్రం తీసుకోవాలి. నమ్మశక్యం కాని అంకె, అతి తక్కువ ధర ఉంటే అనుమానించాలి.
* వేసవిలో ఎండలో నిలిపిన కారులో, బైకు డిక్కీలో ఉంచరాదు. దిండు కింద, పరుపుపై ఉంచి ఛార్జింగ్ పెట్టరాదు.
* ఉబ్బినా, విపరీతంగా వేడెక్కినా, నీటిలో తడిసినా వాడకం ఆపివేయాలి. మేకుతో గుచ్చడం, విప్పడం చేయరాదు.
* పాడైనదాన్ని ఇంటి చెత్తలో కలపకూడదు. బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2022 ప్రకారం విడిగా సేకరణ కేంద్రానికి అప్పగించాలి. తడి, పొడి చెత్తను వేరుచేయడం అలవాటైన సిద్దిపేట వాసులకు ఇది కష్టమైన పనేమీ కాదు.