పొట్టి గుఱ్ఱము - పొడుగు రౌతు



మన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో గుఱ్ఱము నెక్కి పొరుగూరికి పోవు పెద్దలు నేడు అరుదు. మోటారు వాహనములు ఆ పనిని గైకొన్నవి. అయినను పెండ్లి యూరేగింపులలో గుఱ్ఱము కనబడుచునే యున్నది. అది తఱచుగ పొట్టి తట్టువ; దాని నెక్కు పెండ్లికుమారుడో, కొన్నిచోట్ల ఆరడుగుల వాడు.

అట్టి యూరేగింపు నొకదానిని నేను కన్నులార చూచితిని. వరుని పాదములు తట్టువ కడుపునకు దిగువగా వ్రేలాడుచుండెను. బాజాల మ్రోతకు తట్టువ నిలిచిపోయెను. వరుడు మోకాళ్లు పైకి మడిచి, మడమలతో దాని డొక్కలను దబదబ పొడిచెను. తట్టువ యొక్క పెట్టున ముందునకు దూకెను. వరుడు వెనుకకు ఒరిగి నేల గూలెను. ముందు నడచుచున్న యొక బాలునకు కాలు విఱిగెను. అందఱును తట్టువను తిట్టిరి. "రౌతు కొద్ది గుఱ్ఱము" అను సామెత ఆనాడు ఎవ్వరికిని జ్ఞప్తికి రాలేదు.

గుఱ్ఱము చర్మము మిక్కిలి సున్నితమైనది. ఈగ వ్రాలినచో, వ్రాలిన తావుననే చర్మమును జలదరింపజేసి దానిని తోలును. ఈగ స్పర్శ నెఱుంగు ప్రాణికి మనుష్యుని కాలు తెలియకుండునా? తెలియును. కాని యెడతెగక పొడుచుచుండు కాలిని అది క్రమముగ లెక్కసేయుట మానును. ఎల్లవేళల కేకలు వేయు నుపాధ్యాయుని మాట బాలురకు చెవికెక్కనట్లే యిదియు. కావున కాలు చేయవలసినది సంజ్ఞ గాని దెబ్బ గాదు.

జీనును బిగించుటకు కడుపు క్రిందుగా కట్టు పట్టె యున్నది గదా. దాని చెంతనే రెండు పిక్కలతో మెల్లగ నొత్తినచో "ముందునకు నడువు" మని యర్థము. కొంచెము వెనుకగా ఒక ప్రక్కనే యొత్తినచో, గుఱ్ఱము తన వెనుకభాగమును రెండవ ప్రక్కకు జరుపవలెనని యర్థము. ఇవి గుఱ్ఱమునకు నేర్పదగిన భాషలో మొదటి రెండు మాటలు.

పొడుగు కాళ్లవానికి చిక్కు ఇచ్చటనే కలుగుచున్నది. తట్టువ కడుపు చిన్నది. సామాన్యుని పిక్క తాకు చోట వానికి మోకాలు మాత్రమే తాకును. పిక్కయు మడమయు గాలిలో నుండును. అందని మడమను అందించుటకై వాడు కాలిని వెనుకకు మడచి పైకెత్తును. అంతట వాని తొడ వదులగును, మొండెము ముందునకో వెనుకకో తూలును, తూకము తప్పును. కూలిన వరుని సంగతి యిదియే. మఱికొందఱు మోకాళ్లతో పట్టుకారువలె బిగింతురు. దానిచే పిరుదులు జీనునుండి పైకి లేచును. తట్టువయు ఊపిరి సలుపనట్లు బిగిసి, అడుగులు కురుచగా వేయును.

దీనికి మందు మడమలో లేదు. అందని యవయవమును విడిచి, అందు నవయవముతోనే మాటాడవలెను. రికాబు పట్టెడను ఒకటి రెండు రంధ్రములు కుదించినచో మోకాలు కొంచెము ముందునకు వంగి, పిక్కల పైభాగము తట్టువ ప్రక్కలకు ఆనుకొనును. అంతకు మించి కుదింపరాదు. కుదించినచో కుర్చీలో కూర్చున్నట్లగును. పాదము ముందుభాగము మాత్రమే రికాబులో నుండవలెను. మడమ కొంచెము దిగియుండవలెను. అపుడు తొడ, మోకాలి లోపలి వైపు, పిక్క పైభాగము - ఈ మూడును కలసి పనిచేయును.

సంజ్ఞ చేయునపుడు ముందుగా నడుము నిటారుగ నిలుపుము. నోటితో "పద" యను నొక్క మాట పలుకుము. ఆపై తొడలను పిక్కలను ఒక్కసారి మెల్లగ నొత్తుము. తట్టువ అడుగు వేసిన క్షణముననే ఒత్తుడు విడువుము. ఈ విడుపే దానికి బహుమానము. కదలకున్నచో మఱల నొకసారి కొంచెము గట్టిగ నొత్తి, పిక్క వెనుక సన్నని బెత్తముతో తాకుము, కొట్టవలదు. కొలది దినములలో బెత్తముతోడి పని తీఱును.

గ్రీకు దేశీయుడగు క్సెనొఫోను క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమున అశ్వారోహణమును గూర్చి యొక గ్రంథము రచించెను. నాటి గ్రీకులకు రికాబులు లేవు. అతడును రౌతు కుర్చీలోవలె గాక, కాళ్లు ఎడముగా నుంచి నిలుచున్నవానివలె నుండవలెననియు, మోకాలి దిగువభాగము వదులుగ వ్రేలాడవలెననియు బోధించెను. మన పెద్దలును ఈ విద్యను చిన్నచూపు చూడలేదు. గుఱ్ఱములను శిక్షించువానికి తెలుగున సాహిణి యని పేరు. ఓరుగల్లు నేలిన గణపతిదేవుని గజసేనాధిపతి జాయపసేనాని గజసాహిణి యనబడెను. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమను పద్యకావ్యమునే తెలుగున రచించెను.

ఇంకొక ముఖ్యవిషయము. సంజ్ఞ యెంత చక్కనిదైనను బరువును తగ్గింపజాలదు. జీనుతో గూడ రౌతు బరువు గుఱ్ఱము బరువులో అయిదవ వంతునకు మించరాదని అశ్వపోషకులు సాధారణముగ పాటించు నియమము. త్రాసు లేకున్నను లెక్క కట్టవచ్చును. ముందుకాళ్ల వెనుకగా రొమ్ము చుట్టుకొలతను సెంటీమీటర్లలో కొలిచి, దానిని దానితోనే హెచ్చవేసి, భుజపు మొననుండి పిరుదు మొనవఱకు గల పొడవుతో మఱల హెచ్చవేసి, 11,877 చే భాగింపుడు. వచ్చునది ఇంచుమించు కిలోగ్రాముల బరువు. చుట్టుకొలత 145, పొడవు 135 అయినచో బరువు సుమారు 239 కిలోలు. అది మోయదగినది జీనుతో సహా 48 కిలోలకు లోపు. డెబ్బది కిలోల పెండ్లికుమారుని మాట మీరే యోచింపుడు. వానికి కాళ్లు పొడుగగుట దోషము గాదు. ఆ తట్టువ నెక్కుట దోషము.

పెద్దలారా! ఊరేగింపునకు గుఱ్ఱమును కుదుర్చువారు మీరే. కుదుర్చుకొనుటకు ముందే ఒక తాడుతో దానిని కొలువుడు. అది చాలదని తోచినచో వరుని నడిపింపుడు, లేదా బండి నెక్కింపుడు. మర్యాదకు లోటు రాదు. అది చాలునని తేలినచో, ముందునాడే వరుని దానిపై నెక్కించి ఒత్తుటయు విడుచుటయు నేర్పింపుడు. కళ్లెము పట్టి నడుచుటకు దాని నెఱిగిన మనిషినే నియమింపుడు; బాజాలను దూరముగ నుంచుడు; పిల్లలను ముందునుండి తొలగింపుడు. నోరులేని ప్రాణి తన బాధను డొక్కలతోనే చెప్పుకొనును. దానిని వినగలవాడే రౌతు.