నాన్న రానీ, చెబుతా!

"నాన్న రానీ, నీ సంగతి చెబుతా!" ఈ మాట వినకుండా పెరిగిన తెలుగు పిల్లలు అరుదు. అన్నం తినకపోయినా, హోంవర్కు రాయకపోయినా, చెల్లెల్ని కొట్టినా తల్లి చేతిలో ఉండే ఆఖరి ఆయుధం అదే. ఆ మాటలో ఒక పంపకం ఉంది. ప్రేమ తల్లి వంతు, భయం తండ్రి వంతు. అన్నం పెట్టడం, ప్రార్థన నేర్పడం, సండే స్కూలుకు పంపడం అమ్మ చూసుకుంటుంది. ఫీజు కట్టడం, తప్పు చేస్తే దండించడం నాన్న చూసుకుంటాడు. క్రైస్తవ కుటుంబాలు కూడా ఈ పంపకాన్ని మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాయి. బైబిలు మాత్రం ఒప్పుకోలేదు.

కొంతకాలం క్రితం ఆదివారం ఆరాధన ముగిశాక ఒక తల్లి కన్నీళ్లతో నా దగ్గరికి వచ్చింది. ఇంటర్మీడియట్ చదివే కొడుకు హాస్టల్ నుంచి సెలవులకు వచ్చాడు. తండ్రి ముఖం చూసి మాట్లాడడం లేదు. ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. "వాడికేం తక్కువ చేశాను అయ్యగారూ? అప్పు చేసి మరీ పెద్ద కాలేజీలో చేర్పించాను" అన్నాడు తండ్రి. ఆయన బాధ నిజమైనదే. కుర్రాణ్ని బయటికి తీసుకెళ్లి అడిగాను. వాడు తలవంచుకుని ఒక్కటే అన్నాడు: "నాన్న ఫోన్ చేస్తే మార్కులెన్ని అని అడుగుతారండీ. అన్నం తిన్నావా అని అడిగేది అమ్మే."

ఆ మాటకు నాకు ఎఫెసీ పత్రిక గుర్తొచ్చింది. పిల్లల్ని విసిగించి రెచ్చగొట్టవద్దని, ప్రభువు మార్గంలో క్రమశిక్షణతో, ఉపదేశంతో పెంచమని అపొస్తలుడైన పౌలు తండ్రులను ఆదేశించాడు (ఎఫెసీ 6:4). అక్కడ 'పెంచడం' అన్నదానికి గ్రీకు మూలంలో 'ఎక్‌ట్రెఫో' అనే క్రియ ఉంది. తిండి పెట్టి పోషించడం అని దాని అర్థం. కొత్త నిబంధనలో ఈ మాట రెండేసార్లు కనిపిస్తుంది. మొదటిది అంతకుముందు అధ్యాయంలో, మనిషి తన శరీరాన్ని పోషించుకుంటాడని చెప్పిన చోట (5:29). రెండోది ఇక్కడ. ఆనాటి రోమా చట్టం కుటుంబ పెద్దకు పిల్లలమీద దాదాపు హద్దులేని అధికారమిచ్చింది. పుట్టిన బిడ్డను ఇంట్లో ఉంచుకోవాలా, బయట వదిలేయాలా అన్నది కూడా అతని నిర్ణయమే. అలాంటి సమాజంలో ఉంటూ పౌలు, తల్లి పని అని అందరూ అనుకునే పోషణను తండ్రులకు అప్పగించాడు. అన్నం తిన్నావా అని అడగడం తండ్రికి చిన్నతనం కాదు. అది అతనికి దేవుడిచ్చిన ఆజ్ఞలో భాగం.

తల్లి విషయంలోనూ బైబిలు మన అంచనాలను తలకిందులు చేస్తుంది. తండ్రి శిక్షణను వినమని, తల్లి బోధను విడిచిపెట్టవద్దని సామెతల గ్రంథం మొదటి అధ్యాయంలోనే కుమారునికి చెబుతుంది (1:8). అక్కడ తల్లి బోధకు వాడిన హెబ్రీ పదం 'తోరా'. మోషే ధర్మశాస్త్రానికి వాడేదీ ఆ పదమే! తల్లి మాట వట్టి బుజ్జగింపు కాదు, అధికారం గల ఉపదేశం. లెమూయేలు అనే రాజుకు మద్యం గురించి, స్త్రీ వ్యామోహం గురించి, దిక్కులేని వారికి న్యాయం తీర్చడం గురించి బుద్ధి చెప్పింది తల్లే (సామె 31:1-9). "నాన్న రానీ" అన్న ప్రతిసారీ తల్లి తనకు దేవుడిచ్చిన అధికారాన్ని తానే వదులుకుంటోంది. తండ్రిని ఇంటికి పోలీసును చేస్తోంది.

ఈ పంపకం ఎంత ప్రమాదకరమో తెలియాలంటే షిలోహుకు వెళ్లాలి. అక్కడ ఏలీ యాజకుడు. హొఫ్నీ, ఫీనెహాసు అతని కుమారులు, వాళ్లూ యాజకులే. దేవునికి అర్పించాల్సిన బలిమాంసాన్ని ముందే బలవంతంగా లాక్కునేవారు. గుడారం దగ్గర సేవ చేసే స్త్రీలతో పాపం చేసేవారు. ఏలీకి సంగతంతా తెలుసు. ముసలితనంలో ఒకసారి మందలించాడు, వాళ్లు వినలేదు. తెలిసీ వాళ్లను అడ్డుకోలేదన్నదే అతనిమీద దేవుడు మోపిన నేరం (1 సమూ 3:13). చిత్రమేమిటంటే, మౌనంగా పెదవులు కదుపుతూ ప్రార్థిస్తున్న హన్నాను చూసి తాగి ఉందనుకుని వెంటనే గద్దించినవాడు ఈ ఏలీయే. పరాయి ఇంటి స్త్రీమీద అంత వేగంగా లేచిన గొంతు సొంత కొడుకుల దగ్గర అన్నేళ్లూ లేవలేదు. చివరికి ఒకే రోజున కొడుకులిద్దరూ యుద్ధంలో చనిపోయారు. దేవుని మందసం శత్రువుల చేతికి పోయింది. ఆ వార్త విని 98 ఏళ్ల ఏలీ వెనక్కి పడి మెడ విరిగి మరణించాడు.

అదే షిలోహుకు ఏటేటా మరో దంపతులు వచ్చేవారు. హన్నా తన ఒక్కగానొక్క బిడ్డను దేవునికిస్తానని మొక్కుకుంది. భర్త ఎల్కానా ఆ నిర్ణయానికి అడ్డు చెప్పలేదు, తోడు నిలిచాడు. బిడ్డను అప్పగించి ఆమె చేతులు దులుపుకోలేదు. ఏటా చిన్న అంగీ కుట్టి, భర్తతో కలిసి వెళ్లి ఇచ్చి వచ్చేది (1 సమూ 2:19). ఏడాదికోసారి చూసే బిడ్డకు కొలత తప్పకుండా అంగీ కుట్టాలంటే, ఆ తల్లి ఏడాది పొడవునా వాడి ఎదుగుదలను మనసులో కొలుచుకుంటూ ఉండాలి కదా!

కథ అక్కడితో ఆగితే బాగుండేది. ఆ సమూయేలు గొప్ప ప్రవక్తయ్యాడు. ఏటా బేతేలు, గిల్గాలు, మిస్పా తిరిగి ప్రజలకు న్యాయం తీర్చాడు. కానీ అతని కుమారులు యోవేలు, అబీయా లంచగొండులయ్యారు (1 సమూ 8:1-3). వాళ్లెందుకలా అయ్యారో బైబిలు చెప్పదు. సమూయేలు ప్రయాణాలే కారణమని తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. అయినా సేవకుడిగా ఈ భాగం చదివినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. సువార్త మహాసభలని, గృహ కూడికలని ఊళ్లు తిరిగే రోజుల్లో, ఎనిమిదేళ్ల మా అమ్మాయి ఒక రాత్రి నన్ను గుమ్మంలోనే ఆపి అడిగింది: "నాన్నా, మీతో మాట్లాడాలంటే నేను కూడా ప్రార్థన చీటీ రాసివ్వాలా?" ఎందరికో కుటుంబ జీవితం గురించి ప్రసంగించిన నాకు ఆ రాత్రి జవాబు దొరకలేదు. నా భార్య ఒంటరిగా మోస్తున్న బరువేమిటో అప్పుడే తెలిసింది.

మరి తండ్రి లేని ఇళ్ల మాటేమిటి? కోనసీమ, కరీంనగర్, కడప ప్రాంతాల్లో గల్ఫ్ సంపాదన కోసం తండ్రో తల్లో ఏళ్ల తరబడి దూరంగా ఉండే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. భర్తను పోగొట్టుకున్న తల్లులున్నారు. ఇంట్లో ఉన్నా విశ్వాసం పట్టని తండ్రులున్నారు. తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. తిమోతికి బాల్యం నుంచే లేఖనాలు తెలుసని, తల్లి యునీకే, అవ్వ లోయిలలో ఉన్న విశ్వాసమే అతనిలోనూ ఉందని పౌలు రాశాడు. ఆ యువకుణ్ని తానే కుమారుడని పిలిచి వెంట తీసుకెళ్లాడు. థెస్సలొనీక విశ్వాసులతో తాను పాలిచ్చి పెంచే తల్లిలానూ, బుద్ధి చెప్పే తండ్రిలానూ ఉన్నానని చెప్పినవాడు కూడా ఈ పౌలే (1 థెస్స 2:7, 11). ఒంటరిగా పిల్లల్ని పెంచే తల్లికి సంఘం చేయాల్సింది జాలిపడడం కాదు. ఆ బిడ్డకు ఒక పౌలును చూపించాలి.

పిల్లలు ఎక్కువమంది, సమయం తక్కువ అనేవారికి సుసన్నా వెస్లీ జీవితం చూపాలనిపిస్తుంది. మెథడిస్టు ఉద్యమకారుడు జాన్ వెస్లీ తల్లి ఆమె. భర్త పాదిరి, ఇంటినిండా అప్పులు. 19 మందిని కన్నది, అందులో 10 మంది మిగిలారు. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడుతున్నానని 1712లో భర్తకు ఉత్తరం రాసింది. జాన్ వంతు గురువారం. ఆ పని తల్లే చేయాలని ఎక్కడా లేదు. వారంలో ఒక సాయంత్రం, ఒక బిడ్డ, చేతిలో ఫోన్ లేని ఒక తండ్రి. ఇంతకంటే ఖర్చులేని పెట్టుబడి ఏముంది? ఇంట్లో కూర్చున్నప్పుడూ దారిలో నడిచేటప్పుడూ పిల్లలతో దేవుని మాటలు మాట్లాడమని మోషే చెప్పాడు (ద్వితీ 6:7). మన కాలానికి ఆ దారి బైకు మీద స్కూలుకు దింపే పది నిమిషాలు కావచ్చు. విదేశంలో ఉన్న తండ్రికి అది రాత్రి వీడియో కాల్ కావచ్చు.

ఇంత చేసినా పిల్లలు దారి తప్పరని హామీ ఉందా? లేదు. తప్పిపోయిన కుమారుని తండ్రి చెడ్డ తండ్రి కాదు, అయినా కొడుకు వెళ్లిపోయాడు. కానీ తిరిగి వెళ్లగలననే ధైర్యం ఆ కొడుక్కి పందుల దగ్గర కలిగిందంటే, ఆ ఇంట్లో తండ్రి ఎలాంటివాడో వాడికి గుర్తుంది. దూరం నుంచే చూసి పరుగెత్తుకొచ్చిన తండ్రి అతడు (లూకా 15:20). ఆ కుర్రాడి తండ్రి ఇప్పుడు రోజూ రాత్రి హాస్టల్‌కు ఫోన్ చేస్తున్నాడు. మొదట్లో ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదట. అయినా మానలేదు. "అన్నం తిన్నావా?" అన్న దగ్గర మొదలుపెట్టారు.

"నాన్న రానీ" అన్న మాట మన పిల్లల చెవిలో బెదిరింపుగా కాక ఎదురుచూపుగా వినబడే ఇళ్లను దేవుడు మనకు అనుగ్రహించును గాక!