ఓటీకి రెట్టింపు కట్టాల్సిందే

భానూర్ బీడీఎల్ మొదలుకొని పాశమైలారం, పటాన్‌చెరు దాకా ఓటీ (ఓవర్‌టైమ్) మాట తెలియని కార్మికుడు లేడు. దాని లెక్క తెలిసినవాళ్లు మాత్రం తక్కువే, చిన్న యూనిట్ల యజమానుల్లోనూ.

అపోహ: పన్నెండు గంటల షిఫ్టుకు ఒప్పుకునే చేరాడు, ఇక ఓటీ ఏమిటి?

వాస్తవం: 1948 ఫ్యాక్టరీల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటలు దాటితే రెట్టింపు వేతనం ఇవ్వాలంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఆ రెట్టింపును అలాగే ఉంచి, రోజు పనిని 8 గంటలు చేశాయి. ఓటీకి కార్మికుడి సమ్మతి కూడా కావాలన్నాయి. పనికి ఒప్పుకున్నవాడు సగం కూలికి ఒప్పుకున్నట్టు కాదు. రావాల్సిన డబ్బు వదులుకుంటానని సంతకం పెట్టించుకున్నా, వేతనాల కోడ్ ప్రకారం ఆ కాగితం చెల్లదు. కోవిడ్ రోజుల్లో పన్నెండు గంటల పనికీ మామూలు రేటే చాలని గుజరాత్ ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే, 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి ఓటీ చెల్లించమంది. అంతటి విపత్తులోనే కుదరని మినహాయింపు, ఆర్డర్లు ఎక్కువగా ఉన్నాయంటే కుదురుతుందా?

అపోహ: ఓటీని బేసిక్ మీద కడితే చాలు.

వాస్తవం: ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. డీఏ కలపాలి. పైగా వేతనం లెక్క నుంచి మినహాయించదగ్గ అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంతా వేతనంలోకే వస్తుంది. ఉదాహరణకు నెల జీతం రూ.31,200. బేసిక్, డీఏ కలిపి రూ.12,480 మాత్రమే చూపి, మిగతాదంతా అలాంటి అలవెన్సుల కింద రాశారనుకుందాం. లెక్కకు తీసుకోవాల్సింది రూ.15,600. దాన్ని 26 రోజులకు, 8 గంటలకు భాగిస్తే గంటకు రూ.75, ఓటీ రూ.150. నాలుగు గంటలకు రూ.600 రావాలి. పే స్లిప్‌లో చూపిన అంకెతో కడితే వచ్చేది రూ.480.

అపోహ: తెలంగాణలో పది గంటల పనికి అనుమతి వచ్చింది కదా!

వాస్తవం: 2025 జులై ఉత్తర్వు దుకాణాలు కాని వాణిజ్య సంస్థలకు. ఫ్యాక్టరీ దాన్ని చూపించుకోలేదు. అందులోనూ వారానికి 48 గంటలు దాటితే ఓటీ ఉంది.

అపోహ: వాళ్లు కాంట్రాక్టర్ మనుషులు, మాకు సంబంధం లేదు.

వాస్తవం: కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ వేతనం కంపెనీయే కట్టి, తర్వాత అతని దగ్గర వసూలు చేసుకోవాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కార్మికుడికి ఈ ముక్క అతని భాషలో చెప్పేవాళ్లు కావాలి.

సూపర్‌వైజర్ అని పేరు పెడితే ఓటీ పోతుందన్నదీ నిజం కాదు. చూడాల్సింది చేసే పని. రోజంతా మెషీన్ నడిపే మనిషి, ఐడీ కార్డు మీద ఏమున్నా కార్మికుడే.

అపోహ: రుజువు లేదు, పాత బాకీ అడగలేడు.

వాస్తవం: మూడేళ్ల లోపు క్లెయిమ్ వేయవచ్చు. వేతనం చెల్లించామని రుజువు చేయాల్సింది యజమానే. అందుకే పంచింగ్ రికార్డు, ఓటీ రిజిస్టరు, పే స్లిప్ మూడింట్లోనూ గంటలు ఒకేలా ఉండాలి.