మీకు తెలుసా? కారవాన్‌లో హీటర్ పెడితే...

ఉమ్మడి అనంతపురం జిల్లా అనగానే ఎండే గుర్తొస్తుంది. కానీ డిసెంబరు, జనవరిల్లో గుత్తి కోట చూడ్డానికో, లేపాక్షికో కారవాన్‌లో వెళ్లి రాత్రికి అందులోనే పడుకున్నవాళ్లకు తెల్లవారుజాము చలి కూడా తెలుస్తుంది. అప్పుడు చెయ్యి కరెంటు హీటర్ మీదికే పోతుంది. దాని స్విచ్ వేసే ముందు ఈ సంగతులు తెలుసుకోండి.

● కరువు సీమలో చలి ఎందుకు? నైరుతి మేఘాల వానను పడమటి కనుమలే చాలావరకు కురిపించుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గుతాయి. అందుకే ఇక్కడ ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు లేకపోతే పగటి వేడి రాత్రికి నిలవదు. రేకు బండి మరీ త్వరగా చల్లబడుతుంది.

● 2,000 వాట్ల హీటర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టుకునే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకే. హీటర్‌కు 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన లావు వైరు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ వైరును చుట్టగా వదిలేస్తే లోపలి వేడి బయటికి పోక పైతొడుగు కరుగుతుంది. మొత్తం విప్పి పరవండి. హీటర్ కాసేపు నడిచాక ఆపి, ప్లగ్గు తీసి చూడండి. బాగా వేడెక్కినా, పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా ఆ సాకెట్టు ఇక వాడొద్దు.

● మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడుగ్గా ఉండేది ఎర్త్ పిన్ను. డాబా దగ్గరో, తెలిసినవాళ్ల ఇంటి దగ్గరో కరెంటు తీసుకునేటప్పుడు అక్కడ ఎర్త్ సరిగా లేకపోతే, వైరు ఎక్కడ తెగి రేకుకు తగిలినా బండి మొత్తానికి కరెంటు పాకుతుంది. నేల మీద నిలబడి తలుపు పట్టుకున్నవాళ్లకు షాక్ కొడుతుంది. కరెంటు లీకును పసిగట్టే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ ఉంటే రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. బండిలో అది తప్పనిసరి.

● బ్యాటరీ మీద హీటర్ నడవదా? 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో నిండుగా ఉన్నా 1.2 యూనిట్లే. 1,000 వాట్ల హీటర్ దాన్ని గంటకు కాస్త అటూఇటూగా ఖాళీ చేస్తుంది. పైగా 80 ఆంపియర్లకు మించి లాగుతుంది కాబట్టి వైర్లు కాలే ప్రమాదం ఉంది.

● ఖరీదు ఎక్కువైతే వేడి ఎక్కువా? కాదు. 1,000 వాట్ల కరెంటు హీటర్ ఏదైనా ఇచ్చే వేడి ఒక్కటే. డబ్బు పెట్టాల్సింది రక్షణకు. పక్కకు ఒరిగితే, అతిగా వేడెక్కితే తనంతట తానే ఆగిపోయేది కొనండి. పరుపు, కర్టెన్లు మూడడుగుల దూరంలో ఉండాలి. ఇరుకు బండిలో అంత చోటు లేకపోతే హీటర్ పెట్టొద్దు. తడి తువ్వాలు దాని మీద ఆరేయొద్దు.

● కరెంటు లేదని కుంపటో, గ్యాస్ పొయ్యో బండిలో వెలిగించడం ఇంకా ప్రమాదం. మూసిన చోట మంట నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో రిసార్టు గదిలో గ్యాస్ హీటర్ పెట్టుకుని పడుకున్న 8 మంది కేరళ పర్యాటకులు చనిపోయారు. వాళ్లలో నలుగురు పిల్లలు.

ఈ సీమలో గొర్రెల కాపరులు ఆరుబయట కంబళి కప్పుకునే చలిరాత్రులు గడుపుతారు. ఇక్కడి చలికి రాత్రంతా హీటర్ అక్కర్లేదు. పడుకోబోయే ముందు ఓ అరగంట, మీరు మెలకువగా ఉన్నప్పుడే వేసుకోండి. తర్వాత ప్లగ్గు తీసేసి కంబళి కప్పుకోండి. పిల్లలతో వెళ్లేవాళ్లు ఈ మాట మరీ మరీ గుర్తుపెట్టుకోవాలి.